చెయ్యి అడ్డం పెట్టినా

బాపట్ల మెస్ పిన్నిగారు పోయారు. మంగళవారం పొద్దున, తెనాలిలో కూతురి ఇంట్లో, కాఫీ తాగిన కాసేపటికి. కూతురు ఫోన్ చేసి ఇవన్నీ వరసగా చెప్పి, "నువ్వెట్టాగూ అడుగుతావని ముందే చెప్తున్నా అన్నయ్యా" అంది. ఆ తర్వాత ఏడ్చింది.

రేపల్లె నుంచి బాపట్లకు కొత్త విలేకరిగా వచ్చి ఆవిడ దగ్గర మూడేళ్లు భోంచేశాను. స్టేషన్ దగ్గర రెండు గదులు, నాలుగు బల్లలు. వంటా వడ్డనా ఆవిడే. చాలన్నట్టు ఆకు మీద చెయ్యి అడ్డం పెడితే, దాన్ని పక్కకు తోసి ఇంకో గరిటె వేసేవారు. "చెయ్యి అబద్ధమాడుద్ది అబ్బాయ్. నేను మొహం చూసి వడ్డిస్తా" అనేవారు. అందరూ లేచాక వంటింట్లో నిలబడి తినేవారు. ఆవిడ కూర్చుని తినగా ఆ మూడేళ్లలో నేను చూడలేదు. హోటల్ తిండి ముట్టేవారు కాదు. "వండినోళ్ల మొహం చూడకుండా ఎట్టా తినేది?"

రెండేళ్ల కిందట గర్భసంచిలో గడ్డ ఉందని చెన్నై తీసుకొచ్చారు. అప్పుడు నా ఉద్యోగం అక్కడే. ఒంట్లో రక్తం తక్కువగా ఉంది, నెల రోజులు బాగా తిని కోలుకుంటేనే ఆపరేషన్ అన్నారు డాక్టర్లు. ఆవిడ తినడం మానేశారు. కూతురు అద్దెగదిలో వండి పెడుతుంటే కంచం పక్కకు నెట్టేవారు.

"ఇంతమందికి పెట్టినదాన్ని. మంచమెక్కి పెట్టించుకోవాలా?"

వార్త కోసం ఒకసారి వెళ్లిన కొరియా హోటల్ గుర్తొచ్చింది. చాపలు, పొట్టి బల్లలు, హాల్లోంచి కనబడే వంటిల్లు. వండేదీ వడ్డించేదీ పిన్నిగారి వయసు కొరియా ఆవిడే.

"వండే ఆవిడ మొహం కనబడుద్ది, రండి పిన్నిగారూ" అన్నాను. మొహం చూడ్డానికని వచ్చారు.

అన్నంతో పాటు చిన్న చిన్న గిన్నెల్లో ఎనిమిది రకాలు తెచ్చి పెట్టిందావిడ. పిన్నిగారు ఊరబెట్టిన క్యాబేజీ కొంచెం నోట్లో వేసుకున్నారు. "పులుపు బానే పట్టింది. జాడీలో ఎన్నాళ్లుంచిందో కనుక్కో" అన్నారు. మిగిలిస్తే వండినావిడ చిన్నబుచ్చుకుంటుందని గిన్నె ఖాళీ చేశారు. అక్కడ గిన్నె ఖాళీ అయితే అడక్కుండానే నింపుతారు. నాకు తెలుసు. చెప్పలేదు. పిన్నిగారు మళ్లీ ఖాళీ చేశారు, ఆవిడ మళ్లీ నింపింది.

"ఇదేంటబ్బాయ్, ఈవిడ వదిలేట్టు లేదు!"

మూడోసారి పిన్నిగారు గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టారు. కొరియా ఆవిడ ఆ చేతిని చూడలేదు. మొహం చూసింది. మణికట్టు పట్టుకుని మెల్లగా పక్కకు జరిపి, ఇంకో రెండు ముక్కలు వేసింది. తన భాషలో ఏదో అంది. ఏమందో నాకు ఇప్పటికీ తెలియదు.

పిన్నిగారు కాసేపు ఆవిడ వంక చూసి, పకపకా నవ్వారు. "ఓసి నీ ఇల్లు బంగారం గానూ! నా చెయ్యే తోసేసిందే!"

చాప మీద బాసింపట్టు సర్దుకుని కూర్చుని అన్నం మొత్తం తిన్నారు. మర్నాడు తనే అడిగారు, "ఇయ్యాల వెళ్దామా ఆవిడ దగ్గరికి?" ఆ నెలలో పన్నెండు సార్లు వెళ్లాం. మిగతా రోజులు కూతురు వడ్డిస్తే కూర్చుని తిన్నారు. ఆపరేషన్ అయింది. తర్వాత రెండేళ్లు, కూతురు చెప్పిన ప్రకారం, ఒక్క పూట కూడా నిలబడి తినలేదు.

పెద్దకర్మ భోజనాలు బాపట్లలో పెట్టారు. కేటరింగ్ వాళ్లు వడ్డించారు. పప్పు రెండోసారి వచ్చినప్పుడు నాకు ఇంకా ఆకలిగానే ఉంది. పాత అలవాటు కొద్దీ ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"చాలాండీ?" అని ఆ మనిషి పక్క ఆకు దగ్గరికి వెళ్లిపోయాడు.

చెయ్యి తీయడానికి నాకు కొంచెం సేపు పట్టింది.