వినబడకూడని గొంతు

కరోనా మాస్కులు జేబుల్లోకి దిగిన ఏడాది వర్షాకాలంలో, పైరాష్ట్రపు రైల్వే ఊళ్ళో తెలుగువాళ్ళుండే ఖరిదా పేటలోని ఒక రికార్డింగ్ స్టూడియోకి నేను చీఫ్ సౌండ్ ఇంజనీరుని. యజమానినీ, అసిస్టెంటునీ, ఊడ్చేవాణ్ణీ కూడా నేనే. నిమ్‌పురా రైల్వే యార్డులో వ్యాగన్ తుమ్మితే ఇంట్లో కూర్చుని దాని నంబరు చెప్పగల చెవులు నావి.

రైల్వే క్వార్టర్సులో పెరిగిన స్వాతి అనే అమ్మాయి తన రాక్ బృందంతో వచ్చింది. విడిగా విడుదల చేసే ఒకే ఒక్క పాట. దాన్ని సింగిల్ అంటారు. గొంతూ గిటారూ డ్రమ్ములూ వేర్వేరుగా రికార్డు చేశాం. తర్వాతది మిక్సింగ్, అంటే వాటిని తగుపాళ్ళలో కలపడం. గొంతు లేచినప్పుడు వాద్యాలు తగ్గాలన్నది అందులో మొదటి సూత్రం. శివుడొచ్చి ఢమరుకం వాయించినా నేను తగ్గించేవాణ్ణే.

అలాగే కలిపి వినిపించాను.

“ఇలాక్కాదు బాబాయ్,” అంది స్వాతి. “నాను ఏడిసినప్పుడల్లా గిటారు పెరగాల.”

“పెరిగితే నువ్వు వినబడవు కదమ్మా.”

“వినబడకూడదు.”

పాడేదీ తనే, వినబడకూడదనేదీ తనే. పెంచాను. గోడమీది క్యాలెండర్లో దేవుళ్ళు చెవులు మూసుకున్నారు. ఇంకా పెంచమంది. డ్రమ్ముల కుర్రాణ్ణి అడిగితే “ఠీక్ హై దాదా” అన్నాడు. వాడికీ ఏమీ తెలియదని తేలింది.

మర్నాడు స్వాతి వాళ్ళక్క రవణ వచ్చింది. మొగుడి దెబ్బలు పడలేక పుట్టింటికి వచ్చేసిన మనిషి. పాట ఆవిడ కథే. ఆవిడ ఒప్పుకుంటే బయటికెళ్తుంది, లేకపోతే చెరిపేయాలి. ముందు నా మిక్సు వినిపించాను.

“బాగుందండి. అయితే ఇంత బాగా ఎవులికి వినబడింది?”

రెండోది విని తలూపింది. “ఇదీ. ఆడు కొట్టినప్పుడల్లా పక్కింటోలు టీవీ సౌండు పెంచీసీవోరు. రెండిళ్ళకీ ఒకటే గోడ. నానెంతరిస్తే అంత పెంచినారు.”



“మరి పంపించీమంటావేటే అక్కా?” అంది స్వాతి.

“పంపించీ. ఆకర్న మట్టుకు ఆ టీవీ కట్టీమను.”

చివరి చరణంలో గిటారు మీటని ఒక్క దెబ్బకి కిందికి దించేశాను. గొంతొక్కటే మిగిలింది. పాట అలాగే బయటికెళ్ళింది.

సూత్రం ఇప్పటికీ సరైనదే. కానీ స్టూడియో అమ్మి రిటైరయ్యేదాకా, గొంతు వినబడని రికార్డింగు ఏదొచ్చినా ముందు మీట ముట్టుకోలేదు. ఆ గొంతుని ఎవరు విననివ్వడం లేదని అడిగాను. భజన బృందాలవాళ్ళకి ఆ ప్రశ్న ఈనాటికీ అర్థం కాలేదు.