ప్రభుదాస్ అన్నయ్య, ఆ నాలుగు ఇంజెక్టర్లు

నిన్న, మంగళవారం పొద్దున. బాపట్ల హాస్టల్‌లో టిఫిన్ ముందు కూర్చున్నాను.

ప్రభుదాస్ అన్నయ్య నంబర్ నుంచి ఫోన్.

గొంతు అన్నయ్యది కాదు.

"బాబూ, ఈ ఫోనాయన నీకేమవుతాడు?"

"అన్నయ్యండి. మా పెదనాన్న కొడుకు."

"రేపల్లె హాస్పిటల్‌కి తీసుకొచ్చామయ్యా. మీ ఇంట్లో పెద్దోళ్లెవర్నన్నా పంపు."

పెద్దోళ్లను పంపమన్నప్పుడే నాకు అర్థమైంది. అయినా బస్సులో దారంతా ఆ మాటకు ఇంకేదైనా అర్థం ఉందేమోనని వెతుక్కుంటూ కూర్చున్నాను.

లేదు.

రాత్రి తెనాలిలో తన మెకానిక్ షెడ్‌లోనే ఉండిపోయి, పొద్దున్నే రేపల్లె ఇంటికి వస్తూ, భట్టిప్రోలు దాటాక కారు పక్కకు తీసి ఆపాడట. ఇండికేటర్ వేసి మరీ ఆపాడు. ఆ తర్వాత దిగలేదు.

గుండె ఆగిందన్నారు డాక్టరు గారు.

మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

"ముప్పై నాలుగేళ్లోడికి గుండేంటి?" అన్నాడు పెదనాన్న. "కంపెనీ వాడికి తెలియదా ఎన్ని బెజ్జాలు పెట్టాలో? వీడు ఇంకో నాలుగు పెట్టాడు. పెట్రోలు కారి ఉంటుంది. ఆ ఆవిరి పీల్చే పోయాడు నా కొడుకు."

ఆ నాలుగు బెజ్జాల సంగతి ఈ గ్రూపులో తెలియని మన వాళ్ల కోసం రాస్తున్నాను.

అన్నయ్యది టర్బో పెట్రోల్ కారు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. పొద్దున స్టార్ట్ చేస్తే వణికేది. చూసిన వాళ్లంతా పెట్రోలు మంచిది కాదన్నారు. అన్నయ్య ఎవరి మాటా నమ్మే రకం కాదు. ఇంజన్‌కు గాలి వెళ్లే గొట్టాల భాగాన్ని ఊడదీసి, నన్ను పిలిచి, లోపల వేలు పెట్టమన్నాడు.

వాల్వుల వెనక నల్లగా, గట్టిగా పేరుకుపోయి ఉంది.

"దీన్నేమంటార్రా మీ కాలేజీలో?"

"కార్బన్ డిపాజిట్ అన్నయ్యా."

"మా అమ్మైతే మాడు అంటుంది. పాలగిన్నె అడుగున ఉంటుందే, అది."

ఈ రకం ఇంజన్లలో పెట్రోలు నేరుగా సిలిండర్ లోపలే చిమ్ముతుంది. గాలిని లోపలికి వదిలే వాల్వుల మీద చుక్క కూడా పడదు. ఆయిల్ ఆవిరి వచ్చి వాటి మీద మాడిపోతుంది. పాత ఇంజన్లలో అయితే పెట్రోలు వాల్వు ముందే పడి దాన్ని కడుగుతూ లోపలికి పోయేది.

అన్నయ్య రెండూ కావాలన్నాడు. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లను ఉన్నవి ఉన్నట్టే ఉంచి, గాలి గొట్టాలకు బెజ్జాలు పెట్టి సిలిండర్‌కు ఒకటి చొప్పున చిన్న ఇంజెక్టర్లు నాలుగు, వాటికి పెట్రోలు పంచే ఒక పైపు, ఎంత చిమ్మాలో చెప్పే ఒక బాక్స్ పెట్టాడు. వాల్వులు శుభ్రంగా ఉంటాయి, టర్బో గాలిని గట్టిగా ఊదినప్పుడు పెట్రోలూ చాలుతుంది.

బిగించింది షెడ్‌లో ఆయన పార్ట్‌నర్ నాగరాజు.

"నాగరాజూ, ఆ వెల్డింగ్ ఇంకోసారి వెయ్యి."

"ఏం అన్నా, నా మీద అనుమానమా?"

"నీ మీద కాదు. నీ వెల్డింగ్ మీద."

"నా మీద పెట్టుకో అన్నా, పర్లేదు. దాన్ని మాత్రం టీ తాగాక వేస్తా."

అలా తిట్టుకుంటూ పూర్తిచేశారు. మొదటిసారి సూర్యలంక దాకా వెళ్లాం. ఇంజన్ వణకలేదు. అన్నయ్య ముఖంలో మాత్రం సంతోషం లేదు. సముద్రం వైపు వీపు పెట్టి, బోనెట్ ఎత్తి, వాసన చూస్తూ నిలబడ్డాడు.

ఈ రోజు మధ్యాహ్నం అన్నయ్యను సమాధుల తోటకు తీసుకెళ్లాం. పాస్టర్ గారు ప్రార్థన చేస్తుంటే నాగరాజు గేటు బయటే నిలబడి ఉన్నాడు. లోపలికి రావద్దని పెదనాన్న కబురు పెట్టాడు.

నేను బయటికి వెళ్లాను.

"లోపలికి రా అన్నా. డాక్టరు గారే చెప్పారు కదా గుండె అని."

నాగరాజు తల అడ్డంగా ఊపాడు.

"తమ్ముడూ, మా షెడ్‌లో ఒక పద్ధతి ఉంది. ఒకళ్లు బిగించింది రెండో వాళ్లు చూడాలి. ఎవడిది వాడు చూసుకుంటే తప్పు కనపడదని అన్న పెట్టిన పద్ధతి. ఆదివారం ఆ పెట్రోలు పైపు జాయింట్ విప్పి మళ్లీ నేనే బిగించా. అన్న చూశాడనుకుని నేను ఇంటికెళ్లిపోయా. అన్న చూశాడో లేదో నాకు తెలీదు."

"నువ్వు గట్టిగానే బిగించావు కదా?"

"అదే కదయ్యా. నా మాట నేనెట్టా నమ్మను?"

పాస్టర్ గారి ప్రార్థన అయ్యేదాకా అతని పక్కనే నిలబడ్డాను.

నిన్ననే, ఇంటికి లాక్కొచ్చిన కారు దగ్గరికి వెళ్లి వాసన చూశాను. పెట్రోలు వాసన లేదు. కానీ నా ముక్కు మీద నాకూ అనుమానమే. అన్నయ్య తప్పు ఉండకూడదని కోరుకునే ముక్కు అది.

సాయంత్రం పెదనాన్న పక్కన కూర్చున్నాను.

"కారు తాళం ఇవ్వండి పెదనాన్నా. స్టార్ట్ చేసి, జాయింట్ జాయింట్‌కూ తెల్ల కాగితం పెట్టి చూద్దాం. కారుతుంటే తడుస్తుంది. మీరే చూద్దురుగాని."

పెదనాన్న తాళం తీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు.

"వాడూ రావాలి," అన్నాడు. "నా ఎదురుగా ఉండాలి."

నాగరాజుకు ఫోన్ చేశాను. వస్తానన్నాడు. అతను బిగించింది నేను చూస్తాను. కాగితం పొడిగా ఉంటే పొడిగా ఉందని ఇక్కడే రాస్తాను. తడిస్తే తడిసిందనీ రాస్తాను. మన వాళ్లెవరూ ఈలోగా ఎవరినీ ఏమీ అనకండి, దయచేసి.

నిద్రపో అన్నయ్యా. ప్రభువు నీకు నెమ్మది ఇవ్వాలి.

తెల్లారగానే ముగ్గురం బోనెట్ ఎత్తుతాం.