వెనక నడిచే దేవుడు

నా నవలలోని మృత్యుదేవతలు నావి కావు. ముందుమాటలో అంతా కల్పితమే అని రాశాను గానీ అది పచ్చి అబద్ధం. వాళ్లు గొర్రెలు కాసే ఒక తాత దేవుళ్లు. ఏటా ఎండాకాలం భైంసా దిక్కు నుంచి కుటుంబంతో సహా వచ్చి, చొప్పదండి దగ్గర మా మెట్ట చెలకలో మంద పెట్టేవాడు. నేను ఊహించుకున్న లోకంలో ఎక్కడా నిలవని జాతి ఒకటి ఉంది. వాళ్లకు దేవుళ్లు కావలసి వచ్చి, ఆయన దేవుళ్లను అడక్కుండా తీసేసుకున్నాను.

ఒక ఏడు మంద మా చెలకలో ఉండగానే ఆయన భార్య జ్వరంతో పోయింది. మా బాపు ఒప్పుకుంటే గట్టు పక్కనే మట్టి చేశారు. మరుసటి ఏడు నుంచి తాత మంద దింపగానే అంబలి ముంతతో అక్కడికి పోయేవాడు. ఎందుకని అడిగాను.

"మాకు ఇద్దరు దేవుళ్లు సారూ. ముంగట నడిచేటోడు పానం తీస్తడు. ఎన్క నడిచేటోడు, తొవ్వల మేం ఇడిసిపెట్టినోళ్లను మంద ఎంట తోల్కొస్తడు. ఏటా గాడ గింత అంబలి పొయ్యాలె. ఒక్క ఏడు తప్పినా గామె గాన్నే ఆగిపోతది, ఒక్కతే."

ముసలాయన కళ్లు తుడుచుకుంటుంటే నేను నోట్‌బుక్ తీసి, వెనక నడిచేవాడి భుజాన ఏముంటుందని అడిగాను. సిగ్గు లేని జన్మ. "గొంగడి," అన్నాడు ఓపిగ్గా.

తర్వాత చెలకలో ఆయిల్ పామ్ పెట్టి చుట్టూ కంచె వేశాం. చూసుకునేదంతా తమ్ముడే, నేను అటు పోయింది లేదు. నిరుడు తాత మందను రోడ్డు మీదే ఆపి, ముంతతో మా ఇంటికి వచ్చాడు.

"గేటుకు తాళమున్నది సారూ. జర తీస్తవా? నేనొక్కన్నే పోయొస్త."

తాళంచెవి నా తల వెనక మేకుకే వేలాడుతోంది. కానీ నేను రాసుకుంటున్నాను. తమ్ముడి దగ్గరుంది, సాయంత్రం వస్తాడని చెప్పాను.

"అప్పటిదాంక ఆగలేను. గొర్లు రోడ్డు మీదున్నయి, లారీలు తిరుగుతున్నయి." ముంత నా ముందు పెట్టాడు. "నువ్వే పొయ్యి సారూ. నీకు అంతా ఎరుకే గద."

సరే తాతా అన్నాను, తల ఎత్తకుండానే. ముంత వరండాలో రెండు రోజులుంది. పులిసి వాసన వస్తుంటే మా అవ్వ బర్రె కుడితిలో పోసేసింది. ఆ రెండు రోజులూ నేను, వెనక నడిచే దేవుడు ఆకలితో ఒక తల్లిని వదిలి దాటిపోయే అధ్యాయం రాస్తున్నాను. చదివినవాళ్లంతా మెచ్చుకునేది ఆ అధ్యాయాన్నే.

ఈ ఏడు ఆయన కోడలు వచ్చింది, ముంత పట్టుకుని.

"మామ పోయిండు సారూ. బాసర దాటినంక. గాన్నే మట్టి చేసినం. పోయేముంగట అత్త ముచ్చటే తీసిండు. ఫికర్ చెయ్యకుర్రి, సారు అంబలి పోసిండు, మీ అత్త ఎంటనే వస్తున్నది అన్నడు."

మేకుకున్న తాళంచెవి తీసి, ముంత నేనే పట్టుకుని ఆమెతో నడిచాను. గేటు తీసి చూస్తే గట్టే లేదు. ట్రాక్టరుతో ఎప్పుడో చదును చేసేశారు. ఎటు చూసినా ఒకే రకం వరుసలు.

"ఏ దగ్గరమ్మా?" అనేశాను.

ఆమె నా ముఖంలోకి చూసింది.

"నిరుడు పోసినవ్ గద సారూ?"

నేను తల దించుకున్నాను. ఆమె నా చేతిలోని ముంత తీసుకుంది.