పీరాన్ సాహెబ్ సమాధి మీ సభావేదిక కాదు

మా మేనమామ షేక్ పీరాన్ సాహెబ్ గత గురువారం ఉదయం గల్ఫ్‌లోని అల్ ఐన్‌లో కన్నుమూశారు. ఆస్పత్రి నుంచి వార్త వచ్చినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. రిసీవర్ పెట్టడం కూడా మరిచి ఆస్పత్రికి పరుగెత్తాను. కేంద్రంలో కార్మిక మంత్రిగా దేశమంతా పేరు మోగిన ఆ మహామనీషి చివరి ఏళ్లు ఇక్కడ కూతురి ఇంట్లో గడిపారని మన జిల్లాలో ఎందరికి తెలుసు? ఆయన పార్టీవాళ్లు తెలియనివ్వలేదు. అందుకే దుఃఖం కంటే ఆగ్రహంతోనే ఇది రాస్తున్నాను.

ఆయన పదవి ఊడలేదు, ఆయనే వదిలేశారు. మా ప్రాంతపు రైతుల పొలాలను ఒక ఫ్యాక్టరీ కోసం బలవంతంగా తీసుకోవాలని సొంత పార్టీయే నిర్ణయించింది. నిండు సమావేశంలో మామ లేచి, "ఈ కుర్చీ నాకిచ్చింది వాళ్లు. వాళ్ల నేల లాక్కునేదానికి ఇదే కుర్చీ కావాలంటే మీరే కూచోండి" అని బయటికి నడిచారు. మరునాడే బహిష్కరణ. ఏడాది తిరక్కుండా మా అత్త పోయింది. ఆయన చలవతో నాయకులైన వారిలో ఒక్కరూ మా గడప తొక్కలేదు.

ఇక్కడికి వచ్చాక కూడా ఆయన ఊరుకోలేదు. ఖర్జూర తోటలో పనిచేసే రాయచోటి మనిషి బాషాకు తల్లి పోయింది. ఊరికి పోతానంటే, తన దగ్గర పెట్టుకున్న పాస్‌పోర్టు ఇవ్వనన్నాడు తోట మేనేజరు. అందరూ అతన్ని ముదీర్ అని పిలిచేవారు. మామ బాషాను వెంటబెట్టుకుని తిన్నగా వెళ్లి అతని గదిలో కూర్చున్నారు.

"నువ్వెవరు? ఇతను నీకేమవుతాడు?" అని ముదీర్ హిందీలో గద్దించాడు.

"ఒకప్పుడు ఇతన్ని ఓటడిగినవాణ్ణి" అన్నారు మామ, అదే భాషలో, ప్రశాంతంగా.

మంత్రిగా చేశానని చెప్పలేదు. సాయంత్రం దాకా కదల్లేదు. చివరికి ముదీర్ "ఖలాస్, తీసుకుపో!" అంటూ పాస్‌పోర్టు బల్ల మీదికి విసిరాడు.

"నేను యాడ చస్తే ఆడనే పూడ్చండి. నా శవం ముందర ఎవడూ మైకు పట్టుకోగూడదు" అని మామ మాతో పలుమార్లు అనేవారు.

ఎన్నికలు దగ్గరపడ్డాయి కదా, ఆయన ప్రాణం పోయిన పూటే పార్టీ పెద్ద ఒకరు ఆయన కూతురు హసీనాకు ఫోన్ చేశారు. పక్కనే ఉన్న నాకు ఆ గొంతు స్పష్టంగా వినిపించింది.

"అమ్మా, నాయన్ను మనూరికి పంపించు. ఊరేగింపు, స్మారకం, అంతా మేం చూసుకుంటాం."

"మా అమ్మ పోయినప్పుడు యాడున్నారు సార్ మీరంతా?"

"పాత సంగతులు ఇప్పుడెందుకమ్మా? జనం ఎదురుచూస్తాండారు."

"జనం కాదు సార్, మీరు" అని హసీనా ఫోన్ పెట్టేసింది.

ఆ సాయంత్రం అసర్ నమాజు తర్వాత అల్ ఐన్ ఖబరస్తాన్‌లో ఆయనను మట్టికి అప్పగించాం. తోటల్లోంచి, కట్టుబడి పనుల దగ్గర్నుంచి మనవాళ్లు పని బట్టల్లోనే వచ్చారు. "యల్లా, జరుగన్నా, నేనూ ఓ పిడికెడు మట్టేస్తా" అని తోసుకుంటూ ముందుకొచ్చారు. తలవైపు ఒక మామూలు రాయి నిలిపాం. దాని మీద పేరు లేదు, బిరుదు లేదు.

మరునాడు పార్టీ ప్రకటన వెలువడింది. కుటుంబం మొండితనం వల్ల మహానేత పరాయి ఇసుకలో దిక్కులేకుండా పడి ఉన్నారట! దిక్కులేనిది ఎవరు? బతికున్న మనిషిని వెలివేసి, ప్రాణం పోయాక భుజానికెత్తుకోవాలని తహతహలాడే మీరా, ఆయనా?

స్మారకం కట్టుకోండి. పాలరాతితోనే కట్టుకోండి. దాని ముందు నిలబడి ఆయన పేరెత్తే అర్హత మీలో ఏ ఒక్కరికీ లేదు.

మామా, మా జిల్లాలో సొంత వాళ్లకే ఎదురు నిలిచి కాదు అనగలిగిన గొంతు నీతోనే పోయింది. ఈ కోపమే నీకు నా సలాం.