పౌడరు ఎరుగని దొరసాని

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద భక్తి ఎంత ఉండేదో గానీ, పక్కవాళ్ళ భక్తిలో లోపాల మీద మాత్రం అంతకు రెట్టింపు శ్రద్ధ ఉండేది. ఎంఎస్ చదవడానికి జర్మనీలోని కొలోన్ వచ్చి రెండు నెలలు. ఊళ్ళో నివాసం నమోదు చేసుకునే అన్మెల్డుంగ్‌కి నాకు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరకలేదు గానీ, మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఎవరి భక్తి ఏపాటిదో నమోదు చేసే పని అప్పటికే మొదలుపెట్టేశాను. సండే స్కూల్లో కంఠత వాక్యాలకు ఏటా మొదటి బహుమతి కొట్టినవాణ్ణి (ప్రతిసారీ స్టీలు గిన్నే, మా అమ్మ ఇప్పటికీ వాటిలోనే పెరుగు తోడుపెడుతుంది). ప్రార్థన చేయమంటే కళ్ళు మూసుకుని, గొంతు రెండు మెట్లు దించి, ఇరవై నిమిషాలకు తక్కువ కాకుండా చేసేవాణ్ణి. ఆలోగా బిర్యానీ చల్లారిపోయేది. సంఘం నాకు ‘చిన్న పాస్టరు’ అని పేరు పెట్టింది. మెచ్చుకోలనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నాలు ఒక జర్మన్ చర్చి కింది హాల్లో కూడుకునేవాళ్ళం. అక్కడ సండే స్కూలు నడిపే గుంటూరు అక్క ఒకామె, పిల్లలతో క్రిస్మస్ నాటకం వేయించాలని చాలా రోజులుగా తంటాలు పడుతోంది. తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబిచ్చే పిల్లలు వాళ్ళు. వాళ్ళ నోట నాలుగు తెలుగు మాటలు పలికించాలని ఆమె ఆశ. నాకు మాత్రం అందులో పౌడరూ, వేషమూ తప్ప ఇంకేమీ కనబడలేదు. దేవుడి సన్నిధిలో నటన ఏమిటని మా పాస్టరు అయ్యగారి దగ్గర అభ్యంతరం పెట్టాను. కళ్ళకు కాటుక పెట్టుకున్న పాతనిబంధన రాణిని కుక్కలు ఏం చేశాయో గుర్తుచేశాను (కుక్కలు తిన్నది కాటుక కోసం కాదని నాకూ తెలుసు). అయ్యగారు వారమంతా సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే ఉద్యోగం చేసి, ఆదివారం ఆ అలవాటుకు సెలవిచ్చే మనిషి. వచ్చే ఆదివారం అందరం కలిసి తేలుద్దామన్నారు. అక్క కూతురు మాత్రం దేవదూత రెక్కలు విప్పి సంచిలో పెట్టేసుకుంది.

ఆ శనివారం పాత సామాన్ల సంతలో ఫ్రేము కట్టిన ఒక ఫొటో కనబడింది. విక్టోరియా రాణి కాలం నాటిది. తెల్లటి పొడుగు గౌను, బోసి మెడ, జోడించిన చేతులు, పైకెత్తిన కళ్ళు. నలుపు తెలుపు బొమ్మకు చేత్తో రంగులద్దడం వల్ల బుగ్గలు గులాబీ రంగులో వెలుగుతున్నాయి. మా ఊరి చర్చి గోడల మీద మిషనరీ దొరసానుల ఫొటోలు చూస్తూ పెరిగినవాణ్ణి; తెల్లగౌనూ జోడించిన చేతులూ కనబడితే నాకు ఇంకో అర్థం తట్టదు. ఎవరో దొరసానమ్మ, మన కృష్ణా తీరంలో సువార్త చెప్పి ఉంటుందని అక్కడికక్కడే ఆమె జీవితచరిత్ర అల్లేశాను. చలిజ్వరంతో పోయిందని కూడా నేనే నిర్ణయించాను.

మర్నాడు, కొనుక్కొచ్చిన ఆ ఫొటోను సంఘం ముందు బల్ల మీద నిలబెట్టి సాక్ష్యం చెప్పాను. పౌడరు ఎరుగని ఈ ముఖం చూడండి, ఈ కాంతి కొండ దిగివచ్చిన ప్రవక్త ముఖకాంతి, నాటకాలాడేవాళ్ళకు ఇది వస్తుందా అని అడిగాను. మనవల్ని చూడ్డానికి వచ్చిన అమ్మమ్మలిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. అక్క తల వంచుకుంది. ఇక నాటకం పని అయిపోయిందనుకున్నాను. చివరికి ఆమే లేచి, ఇంత మంచి తల్లికి ఫ్రేము వదులైపోయింది, బిగిస్తానంటూ వెనక మేకులు తీసింది. లోపల పాతకాలపు ఇంగ్లీషు చేతిరాత బయటపడింది.

“నువ్వే చదువు తమ్ముడూ, అమ్మగారి సాక్ష్యం,” అని నా చేతికిచ్చింది.

నా ప్రార్థన గొంతుతోనే మొదలుపెట్టాను. మొదట ఆమె పేరు. తరువాత లండన్‌లో ఒక నాటకశాల పేరు. ఆ తరువాత ‘మూడో అంకం, ప్రార్థన ఘట్టం’. అక్కడికి నా గొంతు దానంతటదే మామూలు మెట్టుకు వచ్చేసింది. ఆ కింద, బుగ్గలకు గులాబీ, పెదవులకు కాస్త ఎరుపు అని రంగులద్దేవాడికి ఇచ్చిన సూచన. అది మింగేద్దామనుకున్నాను గానీ, అక్క నా భుజం మీదుగా పైకి చదివేసింది.

“పర్లేదులే తమ్ముడూ,” అంది. “నీ దొరసాని కాంతీ కుంచెతో వచ్చిందే, మా పిల్లలదీ అంతే.”

అందరూ నవ్వారు. అయ్యగారు మాత్రం నవ్వలేదు. “ప్రార్థన చేస్తున్నట్టు నటించడం పాపమైతే, బాబూ, ముందు మనిద్దరం బయటికి నడవాలి,” అన్నారు. ‘మనిద్దరం’ అనడం ఆయన మర్యాద.

నాటకం జరిగింది. నిండు చూలాలిని తిప్పిపంపే సత్రం యజమాని వేషానికి పిల్లలెవరూ ఒప్పుకోలేదని నాకిచ్చారు. ఒకటే మాట: “స్థలం లేదు.” గది కోసం తిరిగి తిరిగి, కొలోన్‌లో ఇంటివాళ్ళందరి నోటా అదే విన్నవాణ్ణి కాబట్టి ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. అక్క నా బుగ్గలకు రంగు పూస్తుంటే ముఖం తిప్పుకున్నాను. రెక్కలు కట్టుకుని పక్కనే నిలబడ్డ ఆమె కూతురు, “కదలకు మామయ్యా, పాడైపోద్ది,” అని గదమాయించింది. అచ్చమైన గుంటూరు తెలుగులో.

ఆ నటి ఇప్పుడు మా ఇంట్లో గోడ మీద ఉంది. కుటుంబ ప్రార్థనలో నా గొంతు మెట్లు దిగడం మొదలుపెట్టగానే మా ఆవిడ దగ్గుతుంది. నేను ఒక కన్ను తెరిచి గోడవైపు చూస్తాను. నూరేళ్ళు దాటినా ఆ దొరసాని చేతులు దించలేదు, కళ్ళు వాల్చలేదు. ఆ పనితనం నాకెలాగూ రాదు. అన్నం చల్లారకముందే ఆమేన్ అనేస్తాను.