మట్టల ఆదివారం గాడిద

మట్టల ఆదివారం నాడు మా తార్నాక సంఘం ఊరేగింపు తీసేది. పిల్లలు ఈతమట్టలు ఊపుతూ హోసన్నా పాడతారు, ప్రభువు వేషం కట్టినాయన గాడిదనెక్కి వస్తాడు. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న ఆ ఏడు, వేషం మా సంఘపెద్దకు దక్కింది. మనిషి మంచివాడే, కానీ ఆయన కూర్చుంటే కుర్చీ మీద జాలేసేది. గాడిదను మాట్లాడే పని మా అమ్మకు అప్పగించారు.

అమ్మ సండే స్కూల్ టీచరు. నోవహు ఓడలోకి దేవుడు జంతువుల్ని కూడా పిలిచాడు కాబట్టి వాటిని హింసిస్తే పైన జవాబు చెప్పుకోవాలని పిల్లల్ని బెదిరించేది. మా ఇంట్లో బొద్దింకలు నిర్భయంగా తిరిగేవి. సంఘపెద్దకు ఇదంతా చాదస్తం. "వాటికి ఆత్మ లేదమ్మా, మన అవసరానికే దేవుడిచ్చాడు" అనేవాడు.

శనివారం సాయంత్రం గాడిదను ఒకసారి చూసొద్దామని అమ్మ నన్ను వెంటబెట్టుకుని మాణికేశ్వర్ నగర్ వెళ్లింది. దాంతో ఇసుక మోయించే ఆసామి తాపీగా, "గాడిద గీడ లేదమ్మా, స్టూడెంట్లు క్యాంపస్‌కి తోల్కపోయిన్రు. వాళ్లది గూడ ఏదో ఊరేగింపంట. పొద్దుగాల మీకే పంపిస్త" అన్నాడు. ఒకే గాడిదను రెండు ఊరేగింపులకు ఒప్పుకున్నాడు మహానుభావుడు.

మేం యూనివర్సిటీ క్యాంపస్‌కి వెళ్లేసరికి గాడిద మెడకు ఒక నాయకుడి పేరు రాసిన అట్ట, పాత చెప్పుల దండ వేలాడుతున్నాయి. కుర్రాళ్లు నినాదాలిస్తూ ఆ అట్టను చెప్పులతో కొడుతున్నారు. సగం దెబ్బలు గాడిదకే తగులుతున్నాయి. నేను చదివేదీ అక్కడే. మాది గుంటూరు వైపు. అమ్మ నోరు విప్పితే రెండో మాటకే తెలిసిపోతుంది. "అమ్మా, పోదాం పద" అనేలోపే ఆవిడ గుంపు మధ్యలో ఉంది.

"మీ కోపం ఎవరి మీద బాబూ?"

"లీడర్ మీదమ్మా. గాడిదను మేమేం అంటలేం" అన్నాడొకడు.

"లీడరు ఏసీలో చల్లగా ఉన్నాడు. దెబ్బలు దీనికి పడుతున్నాయి. ఆ అట్టేదో గోడకి తగిలించి కొట్టుకోండి, నేనొద్దన్నానా?"

అమ్మ యాస అందరికీ తెలిసిపోయింది. ఇంకొకడు ముందుకొచ్చి, "ఆంధ్రా అమ్మా, జై తెలంగాణ అను, ఇడిచిపెడ్తం" అన్నాడు.

"ముందు దానికి నీళ్లు పెట్టండి, అంటాను" అంది అమ్మ.

అందరూ నవ్వేశారు. ఎవరో హాస్టల్ నుంచి బకెట్ తెచ్చారు. గాడిద తాగేదాకా ఆగి, అమ్మ కీర్తన ఎత్తుకునే గొంతుతో "జై తెలంగాణ!" అంది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు పొద్దున్నే గాడిద వచ్చింది, పొట్ట మీద రంగుతో జై తెలంగాణ అని రాయించుకుని. సంఘపెద్ద మండిపడ్డాడు. దుప్పటితో ఆ రాత కప్పేద్దామని తనే వెళ్లి దాని వీపు మీది గోనెపట్టా ఎత్తాడు. కింద ఇసుక బస్తాల ఒరిపిడికి పడిన పుండు, అరచేయంత, పచ్చిగా ఉంది. ఆయన దుప్పటి పక్కన పడేసి, తన పొడుగు తెల్లంగీ నడుముకు దోపుకున్నాడు.

"నేను నడుస్తాను, పాట ఎత్తండి" అన్నాడు.

ఆ ఏడు మా ప్రభువు యెరూషలేములోకి ఆయాసపడుతూ నడిచే వచ్చాడు. ముందు గాడిద ఖాళీ వీపుతో నడిచింది. రోడ్డు మీద జనం దాని పొట్ట చూసి జై తెలంగాణ అన్నారు, పిల్లలు హోసన్నా అన్నారు. అమ్మ మాత్రం పాడలేదు. దారి పొడవునా పాటల పుస్తకంతో పుండు మీది ఈగల్ని తోలుతూ నడిచింది.