తమ్ముడికి వినపడని ఆరంకెలు

పొద్దున్నే తను పనిచేసే పుస్తకాల బైండింగ్ షాపు తలుపు తీయగానే, జిగురు గిన్నె ఇంకా వేడికి పెట్టకముందే, ఆవిడ తన తమ్ముడికి ఫోన్లో ఒక చుక్క పంపేది. మాటలేమీ ఉండవు, ఒట్టి చుక్క. లేచాను, బాగున్నాను అని దాని అర్థం. అటునుంచి రెండు చుక్కలొస్తే అతనూ లేచాడన్నమాట. ఆ తర్వాతే అచ్చయి వచ్చిన ఫారాలు ముందేసుకుని కుట్టడానికి కూర్చునేది.

తమ్ముడు రేకులు కొట్టే ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు చేసి, చెవులు అక్కడే వదిలేసి వచ్చాడు. రెండు బస్సులు మారితే వచ్చే ఊళ్ళో ఒక్కడే ఉంటాడు. ఆ అక్కాతమ్ముళ్ళ కబుర్లన్నీ రాతలోనే. అక్షరాలు వెతుక్కుని కొట్టడం అతనికి అలవాటు కావడానికి ఏడాది పట్టింది. అలవాటయ్యాక ఇక పట్టపగ్గాల్లేవు. ‘పక్కింటాయన గురకకి మా గోడ అదురుతోంది. వినపడకపోయినా తెలుస్తోంది’ అని రాసేవాడు. ఆవిడ సూది పక్కన పెట్టి నవ్వుకునేది.

అంతలో వాళ్ళు కబుర్లు రాసుకునే యాప్‌ని ఫోన్ కంపెనీ మూసేసి ఇంకోటి తెచ్చింది. మీ కోసమే మెరుగుపరిచాం అంది. పాత కబురు ఒక్కటీ మిగల్లేదు. రెండేళ్ళకి అదీ పోయి మూడోది వచ్చింది. మామూలు మెసేజ్‌లు కూడా అందులోనే కలిపేశారు. అది తెరుచుకోవాలంటే ఆరంకెల కోడ్ కొట్టాలి. ఆ కోడ్‌ని ఫోన్ చేసి చదివి వినిపిస్తారు.

ఆవిడ సెలవు పెట్టి బస్సెక్కింది. ఫోన్ మోగితే తను విని కాగితం మీద రాసింది, అతను చూసి కొట్టాడు.

“చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఇదే అక్కా” అన్నాడు తమ్ముడు, తన గొంతు తనకి తెలియక గట్టిగా.

ఆ రోజు ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత మూడోది కూడా మూసేసి నాలుగోది తెస్తున్నామని కబురొచ్చినప్పుడు ఆవిడకి నవ్వు రాలేదు.

“మళ్ళీనా? అద్దెకున్నవాళ్ళని ఖాళీ చేయించినట్టుందే” అన్నాడు షాపు యజమాని.

“వాళ్ళకైనా ఎందుకు పొమ్మంటున్నారో చెప్తారండీ” అంది ఆవిడ.

మా తమ్ముడికి వినపడదు, కోడ్ రాసి పంపండి అని కంపెనీకి మూడుసార్లు రాసింది. మూడుసార్లూ ఒకటే జవాబు: దయచేసి మీకు వచ్చే కాల్‌ను శ్రద్ధగా వినండి.

మళ్ళీ బస్సెక్కింది. తమ్ముడు ఫోన్ ఆవిడ ముందుకి తోసేశాడు.

“వద్దక్కా. నేర్చుకునేలోపే తీసేస్తున్నారు. ఒకదాంట్లో పంపే మీట ఎడమ పక్క, ఇంకోదాంట్లో పైన. మనం రాసుకున్నదంతా వాళ్ళు తుడిచేసేదే కదా.”

ఈసారికి నేను చేసి పెడతాను అని ఆవిడ కాగితం మీద రాసింది.

చదివాడు. “ఈసారికి సరే. వచ్చేసారి?”

 అప్పటికే ఆవిడ కోడ్ కోసం కాల్ అడిగి ఉంది. బల్ల మీద ఫోన్ వెలిగి వణకడం మొదలుపెట్టింది. ఆవిడ చెయ్యి చాపితే అందేదే. తమ్ముడు ఆవిడ మొహంలోకే చూస్తున్నాడు. ఫోన్ ఆగిపోయేదాకా ఇద్దరూ కదల్లేదు.

ఇప్పుడావిడకి యాభై ఆరేళ్ళు. నెలకో ఆదివారం తమ్ముణ్ణి చూసొస్తుంది. మిగతా రోజుల్లో అతని సంగతి ఆవిడకి తెలియదు.